నాయికలందరూ ఎదురుచూసేవాళ్ళే

ఆశ్చర్యార్థకాల కరువు

ప్రూఫులు దిద్దే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ముందుగా ఒక మాట. సాహిత్యం మీద ప్రేమ ఉంటే దాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచి రండి. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు అది అక్కడే ఉంటుంది, ఎవరూ ఎత్తుకుపోరు. చెప్పుల సంగతి నేను హామీ ఇవ్వలేను.

నేను ఉద్యోగంలో చేరింది డెబ్బయ్యో దశకంలో. నయాపూల్ దాటి పాతబస్తీలోకి రాగానే ఒక గల్లీ, ఆ గల్లీలో ఒక అత్తరు దుకాణం, దాని వెనక మా ప్రెస్సు. ముందునుంచి అత్తరు వాసన, లోపలినుంచి సిరా, కిరసనాయిలు వాసన. రెంటి మధ్యా కూర్చుని నేను ఇతరుల తప్పులు పట్టుకునేవాణ్ణి. పెళ్ళి పత్రికలు, పాటల పుస్తకాలు వేసేవాళ్ళం గానీ మా అన్నం మాత్రం క్రైస్తవ నవలల మీద ఉడికేది. ప్రేమ పోగొట్టుకోవడం, పాపంలో పడటం, పశ్చాత్తాపం, రెండో అవకాశం. ఈ నాలుగు మెట్లూ ఎక్కకుండా మా ప్రెస్సునుంచి ఏ నవలా బయటపడలేదు. నేనూ చర్చికి పోయే మనిషినే. దేవుడితో నాకు పేచీ లేదు. ఆయన్ని అడ్డం పెట్టుకుని ఈ రచయితలు చేసే పనులతోనే నా పేచీ.

మా యజమాని రత్నం సార్. మెత్తని మనిషి. అచ్చులో ఎవరు ఏడ్చినా ఆయనకు ఏడుపొచ్చేది. మా జీతాల మాట వచ్చినప్పుడు మాత్రం కళ్ళు పొడిగానే ఉండేవి.

ఆ రోజుల్లో ప్రూఫు దిద్దడం ఇద్దరు మనుషుల పని. ఒకరు రచయిత రాతప్రతిని పైకి చదవాలి. ఆ మనిషిని కాపీ హోల్డర్ అంటారు. రెండోవాడు అచ్చు ప్రూఫు చూస్తూ తేడా వచ్చిన చోట గుర్తు పెట్టాలి. చదివేవాళ్ళు మాటలతోపాటు కామా, ఫుల్‌స్టాపు, ప్రతి గుర్తూ పలకాలి. ఇంకో మనిషికి జీతం ఇవ్వడం ఇష్టంలేక రత్నం సారే కాపీ హోల్డర్‌గా కూర్చునేవాడు. గొంతు వణికిస్తూ చదివేవాడు.

"నా ప్రాణమా ఆశ్చర్యార్థకం నీవు లేని ఈ బ్రతుకు కామా ఆకులు రాలిన చెట్టు చుక్కలు చుక్కలు చుక్కలు ఆశ్చర్యార్థకం ఆశ్చర్యార్థకం."

కళ్ళు తుడుచుకుంటూ కూడా కామా వదిలేవాడు కాదు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని గౌరవించాలి. ఏ ప్రేమకథనైనా ఇలా గుర్తులతో సహా వినండి. మందు లేకుండానే జ్వరం దిగిపోతుంది. నాకు ఇరవై నాలుగేళ్ళకే దిగిపోయింది.

మా కంపోజిటర్ ఖాదర్ భాయ్. అరల్లోంచి సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేవాడు. ఇంట్లో ఉర్దూ, అరల్లో తెలుగు. ఆయనకు మా నవలల మీద ఒక్కటే ఫిర్యాదు.

"డేవిడ్ భాయ్, ఆశ్చర్యార్థకాలు ఖతం అయినయి. గీ పేజీల ఎవరన్న జర ఆశ్చర్యపోకుంట ఉంటరా అడుగు."

"నాయిక చనిపోతుంది భాయ్. తప్పదు."

"గీ పిల్ల గూడ సచ్చెనా? పోయిన నెలనే ఒకామె సచ్చె గద!"

అప్పుడు పక్క ప్రెస్సుకు పోయి ఒక గుప్పెడు ఆశ్చర్యార్థకాలు అరువు తెచ్చుకునేవాళ్ళం. ఈ కాలం పిల్లలకు కంప్యూటర్లున్నాయి. ఆ గుర్తులు ఎన్నటికీ అయిపోవు. నాకు మీ గురించి ఉన్న భయం అదే.

మునిగిన అమ్మాయి పాట పాడింది

మా దగ్గర సీసం అక్షరాలు తక్కువ. నవల మొత్తం ఒకేసారి పేర్చి ఉంచడం కుదరదు. పదహారు పేజీలు పేర్చి, దిద్ది, అచ్చువేసి, అక్షరాలను మళ్ళీ అరల్లోకి విడదీసి, వాటితోనే తరవాతి పదహారు పేజీలు పేర్చేవాళ్ళం. ఆ పదహారు పేజీలనీ ఫారం అంటారు. విడదీసిన ఫారంలో ఏం మార్చాలన్నా మార్చలేం.

ఈ సంగతి అర్థంకాని రచయిత ఒకాయన, నవల రాస్తూ రాస్తూనే మాకు ముక్కలుగా ఇచ్చాడు. మొదటి ఫారాల్లో నాయికను మూసీ వరదలో ముంచేశాడు. ఆఖరి ఫారంలో అదే అమ్మాయి క్రిస్మస్ ఆరాధనలో ముందు వరుసలో నిలబడి పాట పాడుతోంది.

"ఈమె మునిగిపోయింది కదండీ?" అన్నాను.

"నాయకుడు మారుమనసు పొందిండు గద బ్రదర్. ఆమె లేకపోతె ఎవరితోని కలుస్తడు?"

"మునిగిన పేజీలు అచ్చయి కట్టలు కట్టేశాం."

రత్నం సార్ కొంచెంసేపు ఆలోచించి, "జాలరి కాపాడిండని ఒక వాక్యం ఎయ్యి" అన్నాడు. వేశాం. ఆ జాలరి ఎవరో, వరద నీళ్ళలో ఏం చేపలు పడుతున్నాడో ఎవరూ అడగలేదు. పుస్తకం బాగా అమ్ముడుపోయింది. అప్పటినుంచి నేను ఏ నవలకైనా ఆఖరి పేజీ చేతికి రాకుండా మొదటి ఫారం దిద్దనని మొండికేశాను. మీరూ మొండికేయండి.

ఈ నవలల వంశవృక్షం వెతికితే మా చర్చిల్లోని సాక్ష్యాల దగ్గర తేలుతుంది. ఆదివారం ఎవరో ఒకరు లేచి తన జీవితం ఎలా మారిందో చెబుతారు. పాపాల భాగం తీరిగ్గా సాగుతుంది. తాగిన చోట్లు, తిరిగిన ఊళ్ళు, మోసపోయిన అమ్మాయి పేరుతో సహా అన్నీ ఉంటాయి. రక్షణ భాగం వచ్చేసరికి పాస్టరుగారు గడియారం చూసుకుంటూ ఉంటారు. నవలలూ అంతే. మగవాడు పుస్తకమంతా పాపం చేస్తాడు. చివరి పేజీలో తెల్లచీర కట్టుకుని ఒక ఆడమనిషి వచ్చి క్షమిస్తుంది. అన్నేళ్ళూ ఆమె ఏం తిన్నది, ఎక్కడ పనిచేసింది, పంటినొప్పి వచ్చిందా, ఏమీ ఉండదు. ఎదురుచూసింది, అంతే. నేను దిద్దిన నాయికలందరూ ఎదురుచూసేవాళ్ళే. అదో పూర్తికాలపు ఉద్యోగం అన్నట్టు.

దేవదానం గారి దుఃఖం

ఇక అసలు కేసు. దేవదానం గారు ఒక ప్రభుత్వ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయి కొంతకాలమైంది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో నవల. నా షరతు ప్రకారం మొత్తం రాతప్రతి ఒకేసారి తెచ్చాడు. అది చూసి ఆయన మీద మంచి అభిప్రాయం కలిగింది. మొదటి పేజీ చదివాక అది పోయింది.

కథ ఇది. మోహన్ అనే కార్మికుడు, సుశీల అనే నర్సు ప్రేమించుకుంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక నయాపూల్ మీద కలుద్దాం, మీ ఇంటికి వచ్చి మాట్లాడతాను అని మోహన్ మాటిస్తాడు. రాడు. తండ్రి చూసిన సంబంధం చేసుకుంటాడు. సుశీల నీలం గొడుగు పట్టుకుని వంతెన మీద చీకటి పడేదాకా వానలో తడుస్తూ నిలబడుతుంది. చేతిలో గొడుగుంటే ఎందుకు తడిసిందని అడిగాను.

"మనసు తడిసింది బ్రదర్," అన్నాడు దేవదానం గారు.

ఆ తరవాత మోహన్ తాగుడు, అప్పులు, జబ్బు, భార్య మరణం. చివరికి ఒక క్రిస్మస్ రాత్రి చర్చిలో తెల్లచీర, కొవ్వొత్తి, సుశీల.

"ఇది మీ కథేనా సార్?" అన్నాను.

ఆయన సిగ్గుపడ్డాడు. "తాగుడు తప్ప మిగతదంత నాదే. తాగుడు రత్నం సార్ పెట్టమన్నడు."

ఆ సుశీల నిజంగా ఉంది. పేరు మార్తమ్మ. పాతబస్తీలోనే ఒక ఆసుపత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. ఆయన చర్చికే వస్తుంది. మా వాళ్ళలో కొత్త పుస్తకం వస్తే ఆదివారం పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి, మొదటి ప్రతి ఒకరికి ఇవ్వడం ఆనవాయితీ. దేవదానం గారి పథకం ఏమిటంటే, ప్రార్థన అయ్యాక మొదటి ప్రతి మార్తమ్మ చేతిలో పెట్టి, సంఘమంతా చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుని, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడగడం.

రత్నం సార్‌కు ఆ మాట చెవిన పడగానే కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇంకో కట్ట ఎక్కువ ఎయ్యిరి," అన్నాడు ఖాదర్ భాయ్‌తో.

"ఆమెకు తెలుసా సార్ ఈ సంగతి?" అన్నాను.

"తెలిస్తే ఇంకేముంది బ్రదర్? ముందు బెంచీల కూసోమని మాత్రం చెప్పిన."

బెంచీ మీద కూర్చున్నామె

ఆఖరి ఫారం ఒక్కటే మిగిలింది. దాని ముందు ఫారం ప్రూఫు చదువుతుండగా ఒక నర్సమ్మ వచ్చింది. ఆసుపత్రిలో క్రిస్మస్ పాటల కాగితాలు మాకే వేయమని ఇచ్చారు, అవి తీసుకుపోవడానికి. ఖాదర్ భాయ్ ఇంకా కట్ట కడుతున్నాడు. ఆమె తలుపు దగ్గరి బెంచీ మీద కూర్చుంది. యాభైకి దగ్గరి వయసు, చేతిలో టిఫిన్ డబ్బా, కాళ్ళకు తెల్ల బూట్లు.

రత్నం సార్ చదువుతున్నాడు. "నయాపూల్ మీద కామా నీలం గొడుగు కింద కామా ఆ అభాగిని ఇంకా నిలబడే ఉందని మోహన్‌కు ప్రతి వాన చెబుతూనే ఉంది చుక్కలు చుక్కలు చుక్కలు."

నేను తలెత్తి చూశాను. బెంచీ మీది ఆమె ఆ మాట వినగానే, గల్లీలో ఎవరో తనను పేరుపెట్టి పిలిచినట్టు మెడ తిప్పింది. రత్నం సార్ ముక్కు చీదుకోవడానికి బయటికి పోయాడు.

"తమ్మీ, గిది ఎవలు రాసిండ్రు?"

"దేవదానం గారని..."

ఆమె టిఫిన్ డబ్బా మూత బిగించింది. తరవాత, "కామాలు ఎక్కువైనయి" అంది.

అప్పుడు అర్థమైంది ఈమె ఎవరో. ఆదివారం ఏం జరగబోతుందో చెప్పాను. నవ్విస్తూ చెప్పాలని చూశాను, నా అలవాటు అది. ఆమె నవ్వలేదు.

"అందరి ముంగటనా?"

"అందరి ముందే. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక."

"నేను వద్దంటే?"

నేను దిద్దిన ఏ నవలలోనూ నాయిక వద్దనలేదు.

"ఆఖరి ప్రూఫు వినడానికి ఆయన గురువారం పొద్దున వస్తాడు," అన్నాను. ఆమె తల ఊపి, పాటల కట్ట చంకన పెట్టుకుని డ్యూటీకి పోయింది.

తప్పు కాపీలోనే ఉంది

గురువారం దేవదానం గారు చొక్కాకు ఇంకాస్త గంజి పెట్టించి వచ్చాడు. రత్నం సార్ గొంతు సవరించుకుని ఆఖరి అధ్యాయం చేతిలోకి తీసుకున్నాడు. అంతలో మార్తమ్మ లోపలికి వచ్చింది. దేవదానం గారు లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

"ఇయ్యండి సార్, నేను చదువుత," అని ఆమె రత్నం సార్ చేతిలోంచి కాగితాలు తీసుకుంది. డ్యూటీ మారేటప్పుడు రోగుల చార్టులు చదివి అప్పజెప్పడం ఆమె రోజువారీ పని. అదే గొంతుతో మొదలుపెట్టింది.

"తెల్లచీరలో కామా చేతిలో కొవ్వొత్తితో సుశీల మోహన్ వైపు నడిచి వచ్చింది ఫుల్‌స్టాపు. ఆమె కళ్ళు వర్షించాయి ఆశ్చర్యార్థకం. ఇన్నేళ్ళూ నీ కోసమే ఎదురుచూశాను ఆశ్చర్యార్థకం ఆశ్చర్యార్థకం."

ఆగింది. "తమ్మీ, గీడ తప్పున్నది. గుర్తు పెట్టు."

ప్రూఫు చూశాను. "సరిగ్గానే ఉంది సిస్టర్. కాపీలో ఎలా ఉందో అలాగే ఉంది."

"తప్పు కాపీలనే ఉన్నది."

మా పనిలో దీనికో పద్ధతుంది. అచ్చులో తప్పయితే మేమే దిద్దుతాం. తప్పు రచయిత కాపీలోనే ఉందనుకుంటే చెయ్యి పెట్టకూడదు. ఆ మాట చుట్టూ గుండ్రం గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, రచయిత ముందుకు జరపాలి. 'ఎదురుచూశాను' చుట్టూ గుండ్రం గీశాను. ప్రశ్నార్థకం పెట్టాను. కాగితం దేవదానం గారి ముందుకు జరిపాను.

"గిది నవల మార్తా," అన్నాడాయన. "కథ."

"కథనైతే ఆదివారం నన్నెందుకు ముందు బెంచీల కూసోమన్నవ్?"

ఖాదర్ భాయ్ చేతిలో అక్షరం చేతిలోనే ఉంది.

"నువ్వు నయాపూల్ మీద వానల నిలబడ్డవ్ గద?" అన్నాడు దేవదానం గారు. "ఎవరో చూసి చెప్పిండ్రు నాకు."

"నిలబడ్డ. వాన మొదలుగాంగనే బస్సెక్కిన. కొత్త చెప్పులు."

"మరి పెండ్లి చేసుకోలేదేంది?"

"నచ్చలే. నువ్వు రాకపోతివి. తర్వాత ఇద్దరొచ్చిండ్రు, వాళ్ళు గూడ నచ్చలే."

నాకు నవ్వొచ్చింది. దేవదానం గారి ముఖం చూసి మింగేశాను. గంజి పెట్టిన చొక్కా లోపల మనిషి చిన్నగా అయిపోయాడు.

"అయితే నన్ను క్షమించలేదన్నట్టు," అన్నాడు.

"ఎప్పుడో క్షమించిన. నువ్వు అడగకముందే. క్షమించినోళ్ళందర్ని ఇంటికి తెచ్చుకుంటే నా ఇల్లు సరిపోతదా?" ఆమె గొంతు అప్పుడే కొంచెం పెరిగింది. "ఆదివారం అందరి ముంగట పుస్తకం చేతుల పెట్టి మోకాళ్ళ మీద కూసుంటవ్. వద్దంటే క్షమించే గుణం లేనిదాన్నైత. ఆ చర్చికి మళ్ల ఏ మొఖం పెట్టుకొని రావాలె? సరే అంటే నీ ఇంట్ల వంటకు కుదురుత. ఇది నాకు రెండో అవకాశమా? నీకే గద!"

రత్నం సార్ మధ్యలో వచ్చాడు. "అమ్మా, చివర్ల కలవకపోతె చదివేటోళ్ళు..."

"మీరుండండి సార్," అన్నాడు దేవదానం గారు.

జేబులోంచి పెన్ను తీశాడు. మొదటి పెన్నులో సిరా లేదు. ఇలాంటి సమయాల్లో ఉండదు. రెండోది తీసి, గుండ్రంలోని మాటను కొట్టేశాడు. ఆ వాక్యం కొట్టేశాడు. వర్షించిన కళ్ళను కొట్టేశాడు. పేజీ ఖాళీ అయింది. ఆ తరవాత తలెత్తి ఆమెను అడిగాడు.

"మరి ఏమన్నదని రాయాలె?"

అంత పుస్తకం రాసి, ఆమెను ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

మార్తమ్మ ఆలోచించింది. "క్షమించింది అని రాయి. అది నిజమే. డ్యూటీకి టైమైతుందని పోయింది." టిఫిన్ డబ్బా తీసుకుంది. "నాకు నిజంగనే టైమైంది," అని వెళ్ళిపోయింది.

ఆయన అలాగే రాశాడు. ఒక్క ఆశ్చర్యార్థకం లేదు. ఖాదర్ భాయ్ ఆ రెండు వాక్యాలూ నిమిషంలో పేర్చి, "షుకర్ హై," అని దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాడు.

పావురం

చివరి పేజీలో సగానికి పైగా ఖాళీ మిగిలింది. ఖాళీ కాగితం అమ్మడం రత్నం సార్‌కు ప్రాణసంకటం. పెట్టెలో వెతికి ఒక పావురం బొమ్మ తీసి వేయించాడు. అది ఎటో ఎగిరిపోతున్నట్టుంటుంది కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు.

ఆదివారం నేనూ ఆ చర్చికి వెళ్ళాను. మార్తమ్మ వెనక బెంచీలో, తన మామూలు చోట కూర్చుంది. ప్రార్థన అయ్యాక దేవదానం గారు మొదటి ప్రతిని పాస్టరుగారి చేతిలోనే ఉంచేశాడు. సాక్ష్యం చెప్పమన్నారు. లేచి, "నేను ఒకరికి మాటిచ్చి తప్పిన. ఆమె క్షమించింది. దేవునికి స్తోత్రం," అని కూర్చున్నాడు. తరవాత ఏమయిందోనని జనం ఎదురుచూశారు. ఏమీ కాలేదు. ఆ చర్చిలో అంత పొట్టి సాక్ష్యం నేను మళ్ళీ వినలేదు. అంత నిజమైనదీ వినలేదు.

బయట పుస్తకాల బల్ల దగ్గర మార్తమ్మ ఒక ప్రతి కొని, చివరి పేజీ తెరిచి చూసుకుని, సంచిలో పెట్టుకుంది.

పుస్తకం అమ్ముడుపోలేదు. ఉజ్జీవ కూటాల్లో, అంటే మా పెద్ద ప్రార్థన సభల్లో, ఆడవాళ్ళు చివరి పేజీ తిప్పి చూసి, తెల్లచీర కనపడక తిరిగి పెట్టేసేవారు. నర్సులు మాత్రం కొన్నారు. మిగిలిన కట్టలు మెట్ల కింద చేరాయి. రత్నం సార్ వాటిని చూసినప్పుడల్లా నన్ను చూసేవాడు.

ప్రేమ, పశ్చాత్తాపం, రెండో అవకాశం గురించిన పుస్తకాలు మీ చేతికీ వస్తాయి. ఈ మాటలు అబద్ధాలని నేననను. నిజంగా క్షమించే మనిషికి కొవ్వొత్తి అవసరం లేదు, అంత వ్యవధీ ఉండదు. అది చూశాను కాబట్టే మిగతావన్నీ నాకు కాగితం దండగ అనిపిస్తాయి.

దేవదానం గారు ఆ తరవాతా ప్రెస్సుకు వస్తూనే ఉన్నాడు. ఇంట్లో తోచడం లేదన్నాడు. ఏడుస్తూ చదివి చదివి రత్నం సార్ గొంతు పాడైపోయింది. ఆ కుర్చీలో దేవదానం గారు కూర్చుని నాకు కాపీ హోల్డర్ అయ్యాడు. రత్నం సార్ ప్రెస్సుకు రావడం మానేశాక కూడా ఆయన చాలాకాలం చదివాడు. చార్టు చదివినట్టే చదివేవాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నేను అడగలేదు.

కొత్త నవలలు వస్తూనే ఉన్నాయి. వాటిలో మగవాళ్ళు పాపాలు చేస్తూనే ఉన్నారు. ఆఖరి అధ్యాయంలో తెల్లచీర రాగానే దేవదానం గారి వేలు వాక్యం మీద ఆగేది. కళ్ళద్దాలు పైకి నెట్టి నా వైపు చూసేవాడు.

"ఇన్నేళ్ళూ నీ కోసమే ఎదురుచూశాను ఆశ్చర్యార్థకం. డేవిడ్, గీమెను ఎవలన్నా అడిగిండ్రా?"

నేను ఆ మాట చుట్టూ గుండ్రం గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టేవాణ్ణి.